తప్పులమ్మ చూపు

పొద్దున్న పళ్ళాలు తీసేశాక ఆ ఇంట్లో భోజనాల బల్ల బడిగా మారేది. కిటికీ వైపు సగం తల్లిది. ఆ సగం మీద ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫు కాగితాలు, ఒక ఎర్ర పెన్ను. గోడ వైపు సగం కూతురిది. ఆ సగం మీద లెక్కల పుస్తకం, పెన్సిలు, కొరికి కొరికి అరగదీసిన రబ్బరు. తండ్రి కళ్ళజోళ్ళ షాపుకి బయల్దేరుతూ ముక్కాలిపీట ఎక్కి కొక్కేనికున్న గొడుగు అందుకుని, కిందికి దిగి, పీటని కాలితో గోడవారకి తోసి "వెళ్ళొస్తా" అనేవాడు. తల్లి తలెత్తేది కాదు. ఆయనకి కావలసిందీ అదే.

ఆవిడ చూపు అలాంటిది మరి.

తిట్టడం, అరవడం ఆవిడకి చేతకాదు. మొగుణ్ణి ఏనాడూ "మీరు" అనే తప్ప "నువ్వు" అని ఎరగదు. కుడి కనురెప్ప సగం దించి, పెదవి కొసని ఒక పిసరు వంచి, ఊరికే ఒక చూపు చూసేది. అలా చూసిందల్లా చిన్నదైపోయేది. పెళ్ళినాటికి ఆవిడ కంటే తలెత్తు ఎక్కువున్న మనిషి ఇప్పుడు ఆవిడ మోచేతి దాకా వచ్చాడు. ఒక్కరోజులో జరిగింది కాదులెండి. పాల ప్యాకెట్టు మరిచిపోయిన రోజు కాస్త, స్నానాల గదిలో పాట పాడిన రోజు కాస్త. చుట్టాల ముందు జోకు చెప్పి తనే ముందు నవ్విన రోజు మాత్రం ఒకేసారి బెత్తెడు తగ్గాడు. ప్యాంట్లు తనే మడిచి కుట్టుకునేవాడు. షాపులో ఇబ్బంది లేదు, కళ్ళజోళ్ళు బాగుచేసేవాడు ఎలాగూ వంగే ఉంటాడు. ఆయన అక్కగారు ముచ్చటపడి కొనిచ్చిన సోఫా ఇప్పుడు అలమరలో గాజు గ్లాసుల పక్కన ఉంది. దుమ్ము దులపడానికి అదే సుఖం.

వీధిలో పిల్లలు ఆవిణ్ణి తప్పులమ్మ అనేవాళ్ళు. పెద్దవాళ్ళూ అదే అనేవాళ్ళు, కాకపోతే గొంతు తగ్గించి. అచ్చుతప్పులు పట్టడం ఆవిడ వృత్తి. వృత్తి మనిషిని అలా చేసిందో, అలాంటి మనిషి కోసం వృత్తే వెతుక్కుంటూ వచ్చిందో చెప్పడం కష్టం.

ప్రపంచంలో ఆవిడ నిండు కళ్ళతో చూసేది ఒక్కదాన్నే, కూతుర్ని. ఇంట్లో అందరూ అమ్మడు అని పిలిచే ఆ పిల్ల వేపమొక్కలా నిటారుగా, వయసుకి తగ్గట్టు పెరిగింది.

అమ్మడు రెండో తరగతిలో ఉండగా టీచరు బోర్డు మీద "విద్యార్థి"కి బదులు "విధ్యార్థి" అని రాసింది. గుమ్మంలో నిలబడ్డ తప్పులమ్మ కంట పడనే పడింది. మర్నాటి నుంచీ ఆ టీచరుకి బోర్డులో అడుగు వరస తప్ప అందలేదు. హెడ్మాస్టరు స్వయంగా ఇంటికొచ్చి, గుమ్మం అవతలే నిలబడి, నేలని చూస్తూ మాట్లాడాడు.

"అమ్మా, ఉన్న బోర్డులన్నీ కిందికి దించడం మా వల్ల కాదు. మీ అమ్మాయిని ఇంట్లోనే చదివించుకోండి."

"ఆ సంగతి నాకెప్పుడో తెలుసు. మీకు ఇవాళ తెలిసింది" అంది తప్పులమ్మ.

అన్నట్టే చదివించింది. బాగానే చదివించింది, కాదనకూడదు. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు, భిన్నాలు, దశాంశాలు. ఆవిడ దగ్గర తప్పుకి దాక్కోవడానికి చోటుండేది కాదు. పెన్సిలు ఇంకా కాగితం మీద ఉండగానే ఎర్ర పెన్ను వచ్చి వాలేది. అమ్మడు కూడా తల్లి పోలికే. తప్పంటే సహించదు, ముఖ్యంగా ఇతరులది.

ఒకరోజు శాతాల పాఠంలో చివరి లెక్క చేసేసి పుస్తకం మూసింది.

"అంకగణితం అయిపోయిందమ్మా. తరవాతేంటి?"

తల్లి పెన్నుకి మూత పెట్టింది. మళ్ళీ తీసింది.

"చూద్దాం" అంది.

ఆవిడ చూడటమంటే ఏమిటో ఈపాటికి మీకు తెలిసిందే.

ముందు పుస్తకాల ఏజెంటు వచ్చాడు. ఇంట్లో చదువుకునే పిల్లల కోసమే తయారైన గణితం సెట్లు అమ్మడం అతని పని. సంచీలోంచి మొదటి సెట్టు తీసి బల్ల మీద పరిచాడు. పేజీ పేజీకీ నవ్వు మొహం వేసుకున్న ఒక ఎలుక, "హాయ్! నేను ఎక్స్‌ని! నన్ను కనుక్కో!" అంటోంది.

"ఇది గణితమా, జంతుప్రదర్శనా?" అంది తప్పులమ్మ.

"పిల్లలకి భయం పోవాలని మేడం."

"భయం పోతుంది. దాంతోపాటు బుద్ధీ పోతుంది."

అయినా పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. అక్కడ కాసేపు కళ్ళు నిలిపింది. తరవాత రెప్ప సగం దిగింది. పుస్తకం అగ్గిపెట్టంతయి, ఎలుక చీమంతయింది. ఏజెంటు దాన్ని చొక్కా జేబులో వేసుకుని రెండోది తీశాడు. అందులో ఒకే రకం లెక్క పేజీల కొద్దీ ఉంది. "ఇది చదువు కాదు, శిక్ష" అందావిడ. అదీ జేబులోకి పోయింది. మూడోదాంట్లో లెక్కలే లేవు. పిల్లలు తమంతట తామే కనిపెట్టాలట. "అన్నీ పిల్లలే కనిపెడితే పుస్తకం రాసినాయన ఏం చేసినట్టు?" నాలుగోది వీడియోల సెట్టు. టై కట్టుకున్న ఒక మనిషి గిటారు వాయిస్తూ సమీకరణాలు పాడుతున్నాడు. దానికి ఆవిడ మాటలు కూడా ఖర్చు పెట్టలేదు.

ఏజెంటు జేబు తడుముకుని దిగాలుపడ్డాడు. "ఇలా అయితే కంపెనీ వాపసు తీసుకోదు మేడం."

"మీ కంపెనీని కూడా ఒకసారి ఇటు రమ్మనండి, చూస్తాను."

అతను సంచీ సర్దుకుని, అప్పటికే వదులైన బూట్లు ఈడ్చుకుంటూ మెట్లు దిగాడు. ఆ కంగారులో ఒక పుస్తకం బల్ల కిందికి జారి అక్కడే ఉండిపోయింది. ఎవరూ గమనించలేదు.

తరవాత ఎవరో చెప్పారని పార్కులో ఒక సమావేశానికి వెళ్ళింది. పిల్లల్ని ఇళ్ళలోనే చదివించే తల్లిదండ్రులు అక్కడ చేరి సలహాలు ఇచ్చుకుంటారు. ఇచ్చుకోవడమే, పుచ్చుకునేవాళ్ళు కనబడలేదు. ఒకావిడ తన కొడుకు నిద్రలో కూడా వర్గమూలాలు చెబుతాడని చెప్పింది. నారబట్టలు కట్టిన ఒకాయన అసలు పుస్తకాలే దండగన్నాడు.

"మావాడు వానని చూస్తూ గణితం నేర్చుకుంటున్నాడండీ."

"ఎంతదాకా వచ్చాడు?" అడిగింది తప్పులమ్మ.

"అలా కొలవకూడదండీ."

"పోనీ వాన ఎంతదాకా వచ్చింది?"

ఆయన జాలిగా నవ్వాడు. ఆవిడ వైపు జాలిగా నవ్వడం ఎంత పొరపాటో ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. సాయంత్రం ఆయన కొడుకు ఆయన్ని బ్యాగులో కూర్చోబెట్టుకుని, జిప్పు సగం తెరిచి ఉంచి, బస్సెక్కాడు. కండక్టరు ఆయనకి టిక్కెట్టు అడగలేదు. ఆ సమావేశానికి వచ్చినవాళ్ళల్లో ఆ రోజు ఏదైనా లాభపడ్డ మనిషి ఆయనొక్కడే.

వారాలు గడిచాయి. తెప్పించిన పుస్తకమల్లా చూపు తగిలి తగ్గిపోగా, ఇంట్లో అలమరలు బుల్లి పుస్తకాలతో నిండిపోయాయి. అమ్మడు చేసిన లెక్కలే మళ్ళీ చేసింది. తరవాత వాటిని వెనక నుంచి చేసింది. తరవాత కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళకి పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కటీ మంచి పేరు కాదు. తల్లి విని ముసిముసిగా నవ్వేది.

ఒక సాయంత్రం తండ్రి చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"ఒక మాట చెప్పనా? నువ్వు ఏ పుస్తకాన్నైనా సగం దాకా బాగానే చదువుతావు. మైనస్సులొచ్చే పేజీ రాగానే నీకది చెడ్డ పుస్తకం అయిపోతుంది. ఏ పుస్తకమైనా సరే, అదే పేజీ."

తప్పులమ్మ రెప్ప దిగింది. ఆయన చొక్కా కాలరు చెవుల దాకా వచ్చింది.

"చూడు, పరవాలేదు" అన్నాడాయన కాలరు లోంచి. "ఇంక తగ్గడానికి నా దగ్గర పెద్దగా ఏం మిగల్లేదు. అందుకే ధైర్యం వచ్చింది."

ఆవిడ చీపురు తీసుకుని, ఎప్పుడూ లేనిది, ఆ వేళప్పుడు ఇల్లు ఊడ్చింది. బల్ల కింద ఏజెంటు వదిలేసిన పుస్తకం దొరికింది. బీజగణితం. చూపు పడలేదు కాబట్టి నిండుగా, బరువుగా ఉంది. బొమ్మల్లేవు, పాటల్లేవు.

"ఉన్నవాటిలో ఇదే నయం" అని మొగుడికి వినబడేలా అంది. "రేపట్నుంచి ఇదే."

మొదటి పాఠాలు నల్లేరు మీద బండిలా సాగాయి. ఎక్స్ అంటే తెలియని అంకె. దాన్ని ఒంటరిగా నిలబెట్టాలి, చుట్టూ ఉన్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనే అవతలికి పంపాలి. ఆ పని తప్పులమ్మకి పుట్టుకతోనే వచ్చు. అమ్మడు బాణంలా దూసుకుపోయింది. అలా పోయి పోయి, మైనస్ ఒకటిని మైనస్ రెండుతో గుణించమన్న చోట ఆగారు.

"మైనస్ రెండు" అంది తల్లి.

అమ్మడు పుస్తకం చివర జవాబులు చూసింది. "ప్లస్ రెండు అని ఉందమ్మా."

"అచ్చుతప్పు."

"ఆ వరసలో అన్నీ ప్లస్సే ఉన్నాయి."

"అయితే అన్నీ అచ్చుతప్పులే. లేనిదాన్ని లేనిదాంతో గుణిస్తే ఉన్నది ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?" అని తప్పులమ్మ ఎర్ర పెన్నుతో జవాబుల పేజీలో ప్లస్సులన్నిటి నిలువు గీతలూ కొట్టేసి మైనస్సులు చేసింది. చాలా నీటుగా చేసింది.

అమ్మడు కాగితం మీద ఏదో రాసుకుంది. రాసింది తల్లి వైపు తిప్పింది.

"ఇలా చూడు. మూడు ఇంటూ మైనస్ రెండు, మైనస్ ఆరు. రెండు ఇంటూ అయితే మైనస్ నాలుగు. ఒకటి ఇంటూ అయితే మైనస్ రెండు. సున్నా ఇంటూ అయితే సున్నా. ఒక్కో మెట్టు దిగినకొద్దీ జవాబు రెండు పెరుగుతోంది కదా? ఇంకో మెట్టు దిగితే మైనస్ ఒకటి. అప్పుడు ప్లస్ రెండే రావాలి."

తప్పులమ్మ ఆ కాగితాన్ని చూసింది. అందులో తప్పు దొరకలేదు. అర్థమూ కాలేదు. బళ్ళో చదివేటప్పుడు సరిగ్గా ఇలాంటి కాగితం ముందే, చుట్టూ పిల్లలు నవ్వుతుంటే, నిలబడిపోయిన పిల్ల ఒకతి ఆవిడ లోపల ఎక్కడో ఉంది. ఆ పిల్ల సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

"అచ్చుతప్పన్నానా!" అంది.

అమ్మడు తలెత్తి తల్లిని చూసింది. కుడి కనురెప్ప సగం దిగింది. పెదవి కొస ఒక పిసరు వంగింది.

తల్లి గడియారం మణికట్టు మీంచి జారి బల్ల మీద పడింది. పాదాలు నేలని వదిలి గాలిలో వేలాడాయి. బల్ల అంచు గడ్డం దాకా లేచింది. కూతురి మొహం ఎక్కడో పైన ఉంది.

"పేజీ తిప్పనా?" అంది అమ్మడు.

సాయంత్రం తండ్రి వచ్చేసరికి తప్పులమ్మ వంటింట్లో పంపు కోసం మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాపుతోంది. ఆయన కాసేపు చూసి, ముక్కాలిపీటని కాలితో ఆవిడ వైపు తోశాడు.

"నవ్వుతున్నారా?"

"లేదే."

"నవ్వండి. ఇంతకంటే మంచి అవకాశం మీకెప్పుడొస్తుంది?"

ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి, పొట్ట పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. పొట్టివాళ్ళు మంచివాళ్ళని లోకం అనుకుంటుంది. చెడ్డపనులు కూడా చాలావరకు ఎత్తులోనే ఉంటాయి కాబట్టి ఆ పేరు వాళ్ళకి ఊరికే వస్తుంది. ఇన్నేళ్ళుగా దాచుకున్న నవ్వంతా అయిపోయాక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"నీ సంగతి సరే. నువ్వు తగ్గినా, నేను తగ్గినా, లోకానికి పెద్ద నష్టం లేదు. పిల్లకి ఆ చూపు వచ్చింది. అది ఎవరి మీద పడి ఆగుతుందో, అది ఆలోచించు."

తప్పులమ్మ పీట ఎక్కి పంపు తిప్పింది.

ఆ తరవాత అమ్మడు ఎవర్నీ అడక్కుండా తనే చదువుకుంది. తల్లి కుర్చీ మీద దిండ్లు పేర్చుకుని, ఎదురుగా కూర్చుని ప్రూఫులు దిద్దుకునేది. పెన్ను బరువనిపించేది. పిల్ల వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలన్నా భయమే.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం అమ్మడు ఒక లెక్క దగ్గర చిక్కుకుంది. తెలియని అంకెలు రెండు, ఎక్స్, వై. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకొకటి జారిపోతోంది. చేసింది, చెరిపింది. మళ్ళీ చేసింది, మళ్ళీ చెరిపింది. కాగితానికి చిల్లు పడింది. పుస్తకం చివర చూస్తే జవాబు వేరేగా ఉంది.

"అచ్చుతప్పు" అని గొణిగింది.

రెప్ప సగం దిగింది. పుస్తకం తపాలా బిళ్ళంతయి బల్ల చెక్కల సందులో పడిపోయింది. లెక్క మాత్రం పోలేదు. దాన్ని ఆ పిల్ల బుర్రలోకి ఎప్పుడో ఎక్కించుకుంది. ఇంకో కాగితం తీసి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే తప్పు. రబ్బరుని చూసింది, రబ్బరు గింజంతయింది. ఇంక చూడటానికి బల్ల మీద ఏమీ మిగల్లేదు, తన కుడి చెయ్యి తప్ప.

అమ్మడు తన చేతిని చూసుకుంది. పెదవి కొస వంగింది.

తప్పులమ్మ తలెత్తేసరికి ఆ వేళ్ళు పసిపిల్ల వేళ్ళంత అయ్యాయి. వాటి మధ్య పెన్సిలు దుంగలా కనబడుతోంది. పెన్సిలు జారి పడింది. పిల్ల ఏడవడం లేదు. కళ్ళు తిప్పుకోకుండా, వాన కంటే చల్లగా, ఆ చేతినే చూస్తోంది. మణికట్టు కూడా సన్నబడటం మొదలైంది.

బల్ల చుట్టూ తిరిగి వెళ్ళే తీరిక లేదు. తప్పులమ్మ దిండ్ల మీంచి దూకి, బల్ల కిందనుంచి తల వంచకుండానే పరిగెత్తి, అవతల కూతురి ఒళ్ళోకి ఎగబాకి ఆ చేతిని తన రెండు చేతులతో కప్పేసింది.

"చూడకు."

"నాకు రాలేదమ్మా" అంది అమ్మడు. ఆ ఇంటి గోడలు ఆ మాట వినడం అదే మొదలు.

"రాకపోతే?"

"రాకపోతే ఏంటి! రాకపోతే..." పిల్లకి ఆ పైన ఏముంటుందో తెలియలేదు. ఎవరైనా నేర్పితేగా.

తప్పులమ్మ మింగుడుపడని దాన్ని ఎదురు దారిలో బయటికి తెచ్చినట్టు, ఒక్కో మాటా బయటికి తెచ్చింది.

"నాకూ రాలేదు. నీ వయసులో రాలేదు, ఇప్పుడూ రాలేదు. మైనస్సుల దగ్గరే ఆగిపోయాను. అక్కణ్ణుంచి పుస్తకాలు బాలేవనడం నేర్చుకున్నాను. అది మాత్రం బాగా వచ్చింది."

"మరి నేను చెప్పింది అచ్చుతప్పన్నావు?"

"నువ్వు చెప్పింది కరెక్టే అయ్యుంటుంది. నాకర్థం కాలేదు."

"ఏజెంటు పుస్తకాలో?"

"ఒకటో రెండో మంచివే అయ్యుంటాయి. ఎలుకది మాత్రం కాదు."

అమ్మడు చాలాసేపు తల్లిని చూసింది. తప్పులమ్మ భుజాలు బిగబట్టుకుని, ఇంకెంత తగ్గాలో అంతకీ సిద్ధపడి, కళ్ళు మూసుకుంది. గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఏమీ జరగలేదు. కళ్ళు తెరిస్తే పిల్ల రెండు కళ్ళూ నిండుగా తెరిచి ఉన్నాయి, నీళ్ళతో.

"నువ్వు బరువున్నావమ్మా, కాస్త జరుగు" అంది అమ్మడు, కప్పిన చేతిని మాత్రం లాక్కోకుండా.

ఆ చెయ్యి మళ్ళీ పెరగలేదు. తల్లీ పెరగలేదు, తండ్రీ పెరగలేదు. తగ్గడం తేలిక, పెరగడం అంత తేలికైతే లోకమంతా తాటిచెట్లే ఉండేవి. అమ్మడు ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టింది. మొదట్లో అంకెలు తాగుబోతుల్లా తూలేవి. బాణంలా దూసుకుపోయే పిల్ల ఇప్పుడు ఒక్కో అంకె దగ్గరా ఆగి, అదేమిటో చూసి రాయాల్సి వచ్చేది. ఎక్స్, వైల లెక్క అలాగే, ఎడమ చేత్తో, మూడో మెట్టులో గుర్తు మార్చడం మరిచిపోయానని కనిపెట్టి, తనే విడదీసింది. ఆనందపడింది కానీ గొప్పలు పోలేదు.

పుస్తకం లేదు కదా. ఆ లెక్క తేలిన మర్నాడు ముగ్గురూ బజారులో పుస్తకాల షాపుకి వెళ్ళారు. ఇద్దరు పొట్టివాళ్ళ మధ్య పిల్ల, గొడుగు పట్టుకుని. షాపాయన దూరం నుంచే తప్పులమ్మని పోల్చాడు. ఎత్తు తగ్గిందన్న మాటే గానీ ఆవిడ గురించి అతను విన్నవేవీ తగ్గలేదు. గాజు బీరువాకి గబగబా తెర లాగి, ఒక చెయ్యి నెత్తి మీద పెట్టుకుని, రెండో చేత్తో ఒక బీజగణితం పుస్తకం కౌంటరు మీదికి తోశాడు.

అమ్మడు తల్లిని ఎత్తి కౌంటరు మీద కూర్చోబెట్టింది. తప్పులమ్మ పేజీలు తిప్పి, మైనస్సులొచ్చే చోట ఆగింది. షాపులో ఉన్నవాళ్ళందరూ ఎందుకైనా మంచిదని ఒక అడుగు వెనక్కి వేశారు. ఆవిడ చదివింది. పెదవులు కదుపుతూ మళ్ళీ మొదట్నుంచీ చదివింది. నుదురు ముడిపడింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు షాపాయన, బిక్కచచ్చిపోయి.

"ఒక్క ముక్క అర్థం కాలేదు."

"అయ్యో. వేరేది చూపించనా?"

"వద్దు" అంది తప్పులమ్మ. "ఇదే ఇవ్వండి. రెండు కాపీలు."

షాపాయన నెత్తి మీంచి చెయ్యి తియ్యకుండానే, రెండో కాపీ కోసం నిచ్చెనెక్కాడు.